స్వీయచరిత్ర రచనకు చలనచిత్రము నేర్పు పాఠము



స్వీయచరిత్రము వ్రాయదలచినవారు చలనచిత్రమును చూచి నేర్చుకొనదగినది కలదని చెప్పినచో మీలో కొందఱికి నవ్వు రావచ్చును. "సినిమా యన్నది రంగు పూసికొన్న వేషము, మాది ఎండలో ఎండి వానలో తడిసిన బ్రతుకు. ఆ వేషమునుండి ఈ బ్రతుకు నేర్వదగినదేమి?" అని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగ విషయము. కాని అంతకు ముందు మఱియొక ప్రశ్న కలదు. పొలము దున్నుకొని, పిల్లలను పెంచుకొని, ముసలితనమున అరుగుపై కూర్చున్న మనవంటివారు స్వీయచరిత్రము వ్రాయవలసిన పనియేమి?

నందికొట్కూరు సీమవారు దీనికి జవాబు వెదకుకొని దూరము పోనక్కఱలేదు. ఉత్తరముగా కృష్ణ యొడ్డునకు పోయినచో సంగమేశ్వరము కలదు. కృష్ణ, భవనాశి మొదలగు ఏడు నదులు కలయు చోటని పెద్దలు చెప్పుదురు. 1981 లో శ్రీశైలము ఆనకట్ట పూర్తియై జలాశయము నిండినది మొదలు, ఆ గుడి సంవత్సరములో అధికభాగము నీటిలోనే యుండును. వేసవిలో నీరు తగ్గినపుడు మొదట శిఖరము కనబడును. పిదప గోడలు, ఆ పిదప గర్భగుడి. జనులు పోయి దర్శించి వత్తురు. వానకాలమున కృష్ణ పొంగినంతనే గుడి మరల మునుగును.

గుడి యేటేట తేలుచున్నది. ఊళ్లు తేలుట లేదు. ఆ జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో దాదాపు నూఱు గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి, ఆలంపురమునకు చేర్చి, మరల నిలువబెట్టిరి. అది రాతి పని గనుక సాధ్యమైనది. ఊరి రచ్చబండపై నడచిన మాటలను, ఏటియొడ్డున సాయంకాలము వినవచ్చిన పశువుల గంటలను, ఎవరి కల్లము ప్రక్క ఎవరి కల్లముండెనో ఆ వరుసను ఏ బండిమీదను ఎత్తి తెచ్చుకొనుటకు వీలు లేకపోయెను. అవి యన్నియు ఆనాటివారి మనస్సులలో మాత్రమే నిలిచియున్నవి. నాడు ఇరువదియైదేండ్ల పడుచువాడు నేడు డెబ్బదికి చేరువలో నున్నాడు. ఆయన పోయిన నాడు ఆ యూరు రెండవమాఱు మునుగును. ఆ రెండవ ముంపునకు వేసవి లేదు.

మునుగని యూళ్లలోను ఇట్లు పోయినవి పెక్కు కలవు. కపిలబాన తోలిన చప్పుడు నేటి పిల్లలెఱుగరు. కఱవు నాడు ఏ చెట్టు ఆకు కూరగా వండుకొనిరో ఎఱుగరు. కనుక వ్రాయవలసిన పని యున్నది. రాజులకు, మంత్రులకు చరిత్ర వ్రాయువారు వేఱుగా నుందురు. మన యూరికి మనమే వ్రాయవలయును. అట్లు వ్రాయునది, ఆ యూరిని ఎన్నడును చూడని మనుమనికి కన్నులకు కట్టవలయును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

స్వీయచరిత్రములు వ్రాయుటకు మొదలిడువారిలో తఱచుగా కనబడు దోషమొకటి కలదు. అరుగుపై కూర్చుండి నోట కథ చెప్పునపుడు తాతగారు అద్భుతముగా చెప్పుదురు. పాము కఱచిన యెద్దు ఎట్లు కూలబడెనో చేతులతో చూపుదురు; పెళ్లిలో అలిగిన వియ్యంకుడు ఏ మాట యన్నాడో ఆతని గొంతుతోనే చెప్పుదురు. అదే తాతగారు కలము పట్టినంతనే దరఖాస్తు వ్రాయువానివలె బిగిసికొందురు. పుట్టిన సంవత్సరము, గోత్రము, చదివిన తరగతి, పెండ్లియైన తేదీ, చేసిన పదవులు, పొందిన సన్మానములు వరుసగా వ్రాసి, నడుమ నడుమ "అనేక కష్టములు అనుభవించితిని" అని చేర్చుదురు. చదువువాడు ఆ మాటను నమ్మును. కాని ఏమియు చూడడు. చూడనిది మనస్సున నిలువదు.

చలనచిత్రము మనకు అక్కఱకు వచ్చునది ఇచ్చటనే. దాని స్వభావమును కొంచెము విచారింతము. ఫిలిముపై విడివిడి బొమ్మలుండును. సెకనుకు 24 బొమ్మల చొప్పున అవి దీపము ముందు కదలిపోవుటచే మన కంటికి మనుష్యులు నడచునట్లు తోచును. తోలుబొమ్మలాటలో తెరవెనుక దీపము పెట్టి బొమ్మల నాడించు విద్యను మనవారు వెనుకటినుండియు ఎఱుగుదురు గనుక ఇది మనకు మిక్కిలి క్రొత్త కాదు. అయితే ఈ యంత్రమునకు ఒక అశక్తత కలదు. అది దేనికి ఎదురుగ నిలిచినదో దానినే పట్టగలదు. "దారిద్ర్యము" అను మాటను అది పట్టలేదు; అడుగంటిన గింజల కుండను పట్టగలదు. "వాత్సల్యము" అను మాటను పట్టలేదు. జ్వరముతో పడుకొన్న బిడ్డ నుదుటిపై తడిగుడ్డ వేయు చేతిని పట్టగలదు. ఈ అశక్తతయే దానికి బలమైనది. పేరు పెట్టి చెప్పుటకు వీలులేక, వస్తువును చూపి, పేరును చూచువాని హృదయమునకు వదలిపెట్టుట దానికి అలవాటైనది. కలము పట్టిన మనకు ఆ నిర్బంధము లేదు. పెద్ద పెద్ద మాటలు చౌకగా దొరకును. అందుచేతనే మనము చెడిపోవుచున్నాము.

ఒక ఉదాహరణము చెప్పెదను. వంగదేశమున విభూతిభూషణ బందోపాధ్యాయుడు తన బాల్యమును తలచికొని వ్రాసిన నవల 'పథేర్ పాంచాలి' 1929 లో గ్రంథముగ వెలువడెను. దానిని సత్యజిత్ రాయ్ 1955 లో చిత్రముగ తీసెను. ఆయనకు అదియే మొదటి చిత్రము. పేద బ్రాహ్మణ కుటుంబము. తండ్రి సంపాదనకై పొరుగూళ్లకు పోయియుండగా, వానలో తడిసిన కూతురు దుర్గ జ్వరము తగిలి చనిపోవును. సంగతి తెలియని తండ్రి కొంతకాలమునకు తిరిగివచ్చి, తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా భార్యకు చూపును. కడపట దుర్గకై తెచ్చిన చీరను ఆమె చేతిలో పెట్టును. ఆ తల్లి చీరను నోటికి అదుముకొని కూలిపోవును. ఆమె యేడ్పు మనకు వినబడదు. దానికి బదులుగ తీగవాద్యపు ఆర్తనాదమొకటి వినబడును. అప్పుడుగాని తండ్రికి అర్థము కాదు.

ఈ ఘట్టమున "నా కూతురు పోయినది" అను వాక్యము లేదు. చీర యొక్కటి చాలినది. కట్టుకొనవలసిన పిల్ల లేని చీర యది. తరువాత, కుటుంబము ఊరు విడిచిపోవునపుడు, తమ్ముడు అపు ఇల్లు సర్దుచుండగా ఒక పూసలదండ దొరకును. ఎన్నడో పొరుగింట పోయిన దండ యది. తాను దొంగిలించలేదని దుర్గ అప్పుడు చెప్పియుండెను. ఆ పిల్లవాడు ఎవరికిని చూపక, చెఱువులోనికి విసరివేయును. నీటిమీద నాచు విడిపోయి, మరల మెల్లగా కలసికొనును. అక్క గౌరవమును తమ్ముడు కాపాడెనని వ్యాఖ్యానించువారు లేరు. మనమే తెలిసికొందుము. తానుగా తెలిసికొన్నది గనుక చూచినవాడు దానిని మఱచిపోడు.

ఈ విద్యను మన విషయమునకు అన్వయింతము. ముంపు గ్రామము గుఱించి సాధారణముగ ఇట్లు వ్రాయుట కలదు: "1981 వ సంవత్సరమున మా గ్రామము ముంపునకు గుఱియైనది. మేము మిక్కిలి బాధపడి క్రొత్త చోటికి తరలిపోయితిమి. ఆ కష్టములు వర్ణనాతీతములు." ఇందులో అసత్యమేమియు లేదు, అయినను ఇది నూఱు గ్రామములలో ఏ గ్రామమునకైనను సరిపోవును. ఇప్పుడు అదే సంగతిని వేఱొక విధముగ చెప్పి చూతము. ఇది ఎవరి కథయు కాదు. మార్గము చూపుటకై నేను కల్పించినది.

"మా నాయన మిద్దెమీదికెక్కి దంతెలు ఊడదీయుచుండెను. నేను క్రింద నిలిచి ఒక్కొక్కటి అందుకొనుచుంటిని. పదునేడు దంతెలు లెక్కకు వచ్చినవి. దూలము దింపుటకు నలుగురు కావలయును. ఊరిలో ఎవరి మిద్దె వారు విప్పుకొనుచుండుటచే నలుగురు దొరకలేదు. మా అవ్వ మాత్రము ఆ యుదయమున ఎప్పటివలెనే వాకిలి పేడతో అలికి ముగ్గు పెట్టినది. 'ఎందుకవ్వా?' అని అడిగితిని. 'పొద్దు పొడిచె గదరా నాయనా' అన్నది. మధ్యాహ్నమునకు ద్వారబంధము బండిమీద పడుకొనియుండెను. గడపకు పూసిన పసుపు ఇంకను ఆఱలేదు."

ఈ రెండవ దానిలో బాధ యను మాటయే లేదు. మాటలు పెద్దవి కావు. ఆ యింటి పిల్లవాడు చూచినవి, విన్నవి మాత్రమే యున్నవి. ముగ్గు పెట్టిన అవ్వ వలన ఆ యూరికి ఒక ముఖము వచ్చినది. మఱియొక సంగతి గమనింపుడు. కథ చెప్పువాని భాష గ్రంథభాషయే యైనను, అవ్వ మాట అవ్వదిగానే యున్నది. చిత్రములో ఎవరి మాట వారి నోటనే రావలయును గదా. మీరు ఎంతటి గంభీర శైలిలో వ్రాసినను, మీ తల్లి పలికిన మాటను పండితుని మాటగా దిద్దకుడు. దిద్దినచో ఆమె నోరు మూసినట్లే.

ఇది సినిమా పుట్టిన తరువాత వచ్చిన క్రొత్త మోజని తలపవలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగ కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిలో ఏ దినమున ఎచ్చట దిగిరో, బాట యెట్లున్నదో, నీరు మంచిదో కాదో, అంగళ్లలో ఏమి దొరకునో ఎప్పటికప్పుడు వ్రాసి తమ మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. అది వారి మరణానంతరము 1838 లో 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చుపడెను. ఫోటో తీయు యంత్రము మన దేశమునకు రాకముందే ఆయన కలముతో బొమ్మలు పట్టినారు. దాదాపు రెండు వందల యేండ్లు గడచినను మన సీమ బాటలు ఆ పుటలలో కనబడుచున్నవి. "ప్రయాణము కడుకష్టముగ నుండెను" అని మాత్రము వ్రాసి ఊరకుండినచో నేడు ఆ గ్రంథమును ఎవరు చదువుదురు?

రెండవ పాఠము ఏఱివేత. ఫిలిమునకు కొలత కలదు. వేయి అడుగుల ఫిలిము దాదాపు పదునొకండు నిమిషములలో తెరపై గడచిపోవును. ఎంతటి పెద్ద కథయైనను రెండు మూడు గంటలలో ముగియవలయును. కనుక తీసిన దానిలో చాల భాగమును కత్తిరించి పాఱవేయుదురు. మంచి దృశ్యమైనను కథకు పొసగనిచో దానిని విడిచిపెట్టుటకు వెనుదీయరు. మనకు కాగితము చౌక. అందుచేత అన్నియు వ్రాయుదుము. డెబ్బదియేండ్ల బ్రతుకును ఏడాదికి ఒక పుట చొప్పున పంచిపెట్టుదుము. కాని బ్రతుకు మనకు అట్లు సమముగా పంచబడలేదు. పదియేండ్లు ఒక్క దినమువలె గడచియుండును. ఒక్క రాత్రి పదియేండ్లవలె గడచియుండును. ఆ రాత్రికి పది పుటలిచ్చి, ఆ పదియేండ్లకు రెండు పంక్తులిచ్చుట న్యాయము.

మన సీమవారు తీసిన చిత్రము నొకటి చెప్పెదను. తాడిపత్రిలో జన్మించిన కె. వి. రెడ్డిగారు 1947 లో 'యోగి వేమన' తీసిరి. నాగయ్యగారు వేమనగా నటించిరి. వేమనను గుఱించి లోకమున వ్యాపించిన కథలు అసంఖ్యాకములు. అన్నింటిని చూపవలెనన్నచో ఎన్ని చిత్రములైనను చాలవు. ఆ చిత్రమున రెండు వస్తువులు ప్రధానముగ నిలిచినవి: బంగారము, అన్న కూతురైన చిన్న బిడ్డ. వేమన బంగారము చేయు విద్యకై వెఱ్ఱిగా పరిశ్రమించును. ఆ విద్య ఫలించిన వేళకు, తాను ప్రాణముగ ప్రేమించిన ఆ బిడ్డ మరణించును. చేతిలో బంగారమున్నది, బిడ్డ లేదు. భోగి యోగి యగుటకు ఇంతకంటె వేఱు కారణము చెప్పనక్కఱలేదు. ఇది చరిత్ర యని నేననుట లేదు. జనశ్రుతిని ఆధారముగ చేసికొని అల్లిన కథ. ఏఱి కూర్చిన విధమును మాత్రము గమనింపవలయును. మీ జీవితమును మలుపు త్రిప్పినది ఏది? ఒక కోర్టు తీర్పా, ఒక ఎద్దు చావా, ఒక స్నేహితుని మాటా? దానిని కనుగొన్నచో, ఏది ఉంచవలెనో ఏది తీసివేయవలెనో అదియే చెప్పును.

మూడవ పాఠము కూర్పు. అనగా దేనిప్రక్క దేనిని ఉంచవలెనను వివేకము. సుమారు 1920 ప్రాంతమున రష్యా దేశమున లెవ్ కులెషోవ్ అను దర్శకుడు ఒక పరీక్ష చేసెనని సినిమా విద్య నేర్చువారందఱు చెప్పుకొందురు. ఒక నటుని ముఖము, ఏ భావమును లేనిది, తీసికొని, దానిప్రక్క ఒకమాఱు పులుసు గిన్నెను, ఒకమాఱు శవపేటికను చూపెనట. చూచినవారు మొదటిచోట ఆ ముఖమున ఆకలిని, రెండవచోట దుఃఖమును చూచి మెచ్చుకొనిరట. ముఖము ఒక్కటే, ప్రక్కనున్న వస్తువు మాఱుటచే అర్థము మాఱినది. కూతురి పెండ్లి వైభవమును వ్రాసిన పుట ప్రక్కనే ఆ యేడు అమ్మిన నాలుగెకరముల దస్తావేజు సంగతి వ్రాసిచూడుడు. వైభవమును గుఱించి మీరు వేఱుగా ఒక్క మాటయు చెప్పనక్కఱ లేకపోవును.

కూర్పులో ముందు వెనుకల వివేకమును చక్కగ చూపిన తెలుగు చిత్రము 1951 లో వచ్చిన 'మల్లీశ్వరి'. దానిని తీసిన బి. ఎన్. రెడ్డిగారు పులివెందుల ప్రాంతమున కొత్తపల్లెలో జన్మించిన కడప జిల్లావారు. మీలో పెక్కురు ఆ చిత్రమును టూరింగు టాకీసులో నేలమీద కూర్చుండి చూచియుందురు. వాన కురియుచుండగా మల్లి, నాగరాజు ఒక పాడు మండపమున తలదాచుకొందురు. మాఱువేషమున రాయలవారును పెద్దనగారును అచ్చటికే వత్తురు. మల్లి ఆటపాటలు చూచి రాయలు మెచ్చుకొనగా, నాగరాజు పరిహాసమునకు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపింపుడని యనును. అందఱు నవ్వుదురు, మనమును నవ్వుదుము. తరువాత ఆ పల్లకి నిజముగనే వచ్చును. వచ్చి, ఆ పడుచువానినుండి మల్లిని దూరము చేయును.

వానలో ఆడిన వేళాకోళపు మాట ఎన్నాళ్లకో విధియై వాకిట దిగుట మన బ్రతుకులలో లేదా? ఉన్నది. కాని మనము వ్రాయునపుడు, "ఈ మాటయే తరువాత మా కొంప ముంచినది" అని మొదటనే చెప్పివేయుదుము. చిత్రకారుడు అట్లు చేయలేదు. మాటను మాటగా, నవ్వును నవ్వుగా మొదట చూపి, ఫలము వచ్చువఱకు ఓపికపట్టెను. మీ జీవితమున పల్లకివంటి వస్తువేదియో వెదకి, అది మొదట వచ్చినచోట తేలికగ రానిండు. ఆ నాడు మీకు తెలియనిది చదువరికి మాత్రము ముందుగ ఏల తెలియవలయును? అట్లే, జననముతోనే మొదలుపెట్టవలెనను నియమమును లేదు. బండి కదలిన దినముతో మొదలుపెట్టి, ఆ యింటిలో పుట్టిన దినమునకు వెనుకకు పోవచ్చును. దారి తప్పకుండ సంవత్సరమును చెప్పుచు పోయిన చాలును.

నాలుగవ పాఠము నిలుచు చోటు. బొమ్మ తీయు యంత్రము ఎక్కడనో ఒకచోట నిలువవలసినదే. గాలిలో అన్ని వైపులనుండి ఒకేమాఱు చూడలేదు. మీ జ్ఞాపకమును అట్టిదే. ఎనిమిదేండ్ల పిల్లవాడుగా సాహుకారు ఇంటికి తండ్రివెంట పోయినారనుకొనుడు. తండ్రి పత్రముపై వ్రేలిముద్ర వేసెను. సాహుకారు మీ చేతిలో బెల్లపు ముక్క పెట్టెను. నాడు మీరు చూచినది బెల్లము. పత్రముపై వ్రాసిన వడ్డీ సంగతి మీకు తెలియదు. కనుక ఆ పుటలో బెల్లము తీపిగానే యుండవలయును. పొలము పోయిన పుట వచ్చినపుడు ఆ తీపి చదువరి నోట చేదగును. పెద్దవాని తెలివిని పిల్లవాని తలలో పెట్టి వ్రాసినచో రెండును చెడును.

నిలుచు చోటుతోపాటు మఱియొక మెలకువ కలదు. చిత్రములో నాయకుని ఇతరులు చూచుచుందురు. తల్లి చూచును, పగవాడు చూచును. స్వీయచరిత్రమున "నేను" తప్ప వేఱెవ్వరు లేకపోవుట తఱచుగ కనబడు లోపము. మిమ్ము మీ భార్య ఎట్లు చూచినదో, మీ జీతగాడు ఎట్లు చూచినాడో ఒక్కమాఱు ఆ వైపున నిలిచి వ్రాయుడు. మీరు చేసిన తప్పు ఆ వైపునుండియే స్పష్టముగ కనబడును. తన తప్పును చూపగలిగినవాని మంచిని లోకము నమ్మును.

ఇంతవఱకు నేర్వదగినవి చెప్పితిని. నేర్వగూడనివి చెప్పకున్న అపచారమగును. సినిమా కల్పించును, అది దాని హక్కు. మీకు ఆ హక్కు లేదు. జరుగని సంభాషణను జరిగినట్లు వ్రాయుట, రాని కన్నీరు కార్చుట, గిట్టనివానిని ప్రతినాయకునిగ చేయుట తగదు. యేబదియేండ్ల నాటి మాట అక్షరాక్షరము ఎవరికిని జ్ఞప్తియుండదు. ఆ భావము వచ్చునట్లు అన్నాడని చెప్పుట గౌరవము. పట్టా కాగితములు, పెండ్లి పత్రికలు, బడి సర్టిఫికేట్లు, పాత ఉత్తరములు తీసి తేదీలు సరిచూచుకొనుడు. ఆనాటి తోడివారు బ్రతికియున్నచో వారి నడుగుడు. వారు వేఱుగా చెప్పినచో, రెండు మాటలను వ్రాయుడు. బ్రతికియున్నవారి గౌరవమునకు భంగము కలుగుచోట కలమును ఒక క్షణము ఆపి యోచించుడు.

సినిమాకు లేని శక్తి కలమునకు ఒకటి కలదని కూడ మఱవరాదు. యంత్రము ముఖమును చూపగలదు; లోపల మెదలిన సందేహమును తిన్నగా చూపలేదు. "నాడు నేను నోరు తెఱచి అడ్డు చెప్పియుండవలసినది, చెప్పలేదు" అను ఒక్క వాక్యమును ఏ యంత్రమును పట్టలేదు. మొదటి తడి మట్టివాసనను, జొన్న సంగటి రుచిని అది అందించలేదు. కనుక చూపవలసినది చూపి, చూపలేని చోట మాత్రము చెప్పుడు. చెప్పు మాటలు తక్కువైనకొలది వాటి విలువ పెరుగును.

కడపట ఆచరణమునకు వచ్చెదను. మొత్తము జీవితమును వ్రాయవలెనని కూర్చున్నచో భయము వేయును. మొదటి పుటయే ముందుకు సాగదు. ఒక నోటుపుస్తకము కొనుడు. ఒక్క దినమును ఎంచుకొనుడు. ఆ దినమున మీరు నిలిచిన చోటు, చూచిన వస్తువు, విన్న మాట, ఇవి మూడును వ్రాయుడు. "బాధ", "ఆనందము", "కష్టము" అను మాటలు రాకుండ వ్రాయుటకు ప్రయత్నింపుడు. మఱునాడు మఱియొక దినము. ఇట్లు నలుబది దినములైన తరువాత ఆ కాగితములను చాపమీద పఱచి, దేనిప్రక్క దేనిని ఉంచవలెనో చూచుకొనుడు. కొన్నింటిని తీసివేయవలసి వచ్చును, తీసివేయుడు. చూపు మందగించినవారు నిరాశ చెందనక్కఱలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చూపు పోయిన తరువాత ఎన్నో గ్రంథములను నోట చెప్పి వ్రాయించిరి. మీ యింట చదువుకొన్న మనుమరాలు ఉండనే యుండును. మీరు చెప్పుడు, ఆమె వ్రాయును. వ్రాయుచు వ్రాయుచు, "తరువాత ఏమైనది తాతా?" అని ఆమె అడిగినచోట మీ కథ సరిగా నడచుచున్నదని తెలిసికొనుడు.

వచ్చే వేసవిలో సంగమేశ్వరము తేలినపుడు ఆ పిల్లను తీసికొనిపొండు. నీరు తీసిన ఒండ్రుపై నిలిచి, అల్లదిగో అచ్చట మన మిద్దె యుండెడిదని వ్రేలు చూపుడు. ఆమెకు నీరు మాత్రమే కనబడును. ఇంటికి వచ్చిన తరువాత ఆమె చేత మీ నోటుపుస్తకము చదివింపుడు. చదివి, ఆ నీటిలో ఆమె మీ మిద్దెను చూచినచో, మీరు వ్రాసినది స్వీయచరిత్రము.